'నీలాంజన సమాభాసం': ఇక్కడ నీలం అంటే బ్లూయేనా?

శనివారం నవగ్రహాల దగ్గర అయ్యగారు 'నీలాంజన సమాభాసం రవిపుత్రం యమాగ్రజం' చదువుతుంటే మా బిడ్డ నా చెయ్యి గుంజింది. "డాడీ, టెలిస్కోప్‌ల చూస్తే శని పసుపుగ ఉండె గదా. బ్లూ అంటున్నరేంది?"

అప్పటికి ప్రసాదం చేతిలో పెట్టి తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక తట్టింది. అంజనం అంటే కాటుక. బ్లూ కాటుక ఎవరు పెట్టుకుంటారు? పాత వాడుకలో నీలం అంటే నలుపు కూడా. నీలవేణి అంటే నల్లటి జడ ఉన్న మనిషే కదా. అంత దూరం ఎందుకు, మన నల్లగొండ పాత పేరు నీలగిరి!

అంటే శ్లోకంలోని శని కాటుక నలుపు. అది దేవుడి రూపం. ఆకాశంలో ఉన్నది మాత్రం మా బిడ్డ చెప్పినట్టే లేత పసుపు, కాగిన పాల మీద మీగడ రంగు. శనైశ్చరుడు అన్న పేరుకైతే రంగుతో పనే లేదు, మెల్లగా నడిచేవాడని అర్థం. సూర్యుణ్ణి ఒకసారి చుట్టడానికి 29 ఏళ్లు దాటుతుంది మరి.

ఇది చదివినవాళ్లు అడిగినవి, నా జవాబులు:

— అన్నా, నెప్ట్యూన్ అన్నా నిజంగ బ్లూయేనా? మా పిల్లల పుస్తకంల సిరా ఒలికినట్టు ఉంటది.

అంత ముదురు కాదు తమ్మీ. 1989లో వాయేజర్-2 అనే నాసా వ్యోమనౌక తీసిన ఫొటోల్లో మేఘాలు తేటగా కనబడాలని కాంట్రాస్ట్ పెంచారు. ఆ సంగతి అప్పుడే చెప్పారు కూడా, కానీ జనానికి రంగే గుర్తుండిపోయింది. 2024లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు లెక్క సరిచేస్తే యురేనస్, నెప్ట్యూన్ రెండూ దాదాపు ఒకటే, ఆకుపచ్చ కలిసిన లేత నీలం. నెప్ట్యూన్‌కు నీలం ఒక పిసరు ఎక్కువ, అంతే.

— అంగారకుడంటే నిప్పుకణిక. ఆ పేరన్నా సరిపోతదా సార్?

ఇక్కడి నుంచి చూస్తే సరిపోతుంది. అక్కడ దిగిన రోవర్ల ఫొటోలు చూస్తే మాత్రం నిప్పు కాదు, మట్టి. పేపర్లలో 'అరుణగ్రహం' అని రాస్తారు గానీ నాకు అది నచ్చదు. మనం గడపలకు పూసే జాజు తడి మీద ఎర్రగా ఉండి, ఆరితే పాలిపోతుంది చూడండి, ఆ ఆరిన రంగు. రెండింటికీ ఎరుపు ఇనుము తుప్పు నుంచి వచ్చిందే.

— దాన్ని జేగురు అనాలి కదండీ?

అనొచ్చండీ. మా ఇంట్లో జేగురు తెమ్మంటే ఎవరూ లేవరు. పాలమూరు దాకా ఎక్కడ అడిగినా అది జాజే.