పాత పికప్‌కి హ్యాండ్ బ్రేక్ పట్టట్లేదు: కేబుల్ ఒక్కటే మారిస్తే చాలా?

అన్నలూ, మాది 2006 మోడల్ డీజిల్ పికప్. వెనక డ్రమ్ బ్రేకులు, హ్యాండ్ బ్రేక్ కేబుల్ కూడా డ్రమ్ము లోపల ఒత్తుకుని చక్రాన్ని ఆపే ఆ షూలనే పనిచేయిస్తుంది. కాలి బ్రేకు పట్టు బాగుంది. హ్యాండ్ బ్రేకు మాత్రం లివర్ చివరిదాకా లాగినా లోడు మీద బండిని ఆపట్లేదు. అనంతగిరి ఘాట్‌లో కూరగాయలు ఎక్కించేటప్పుడు చక్రాల కింద రాళ్లు పెడుతున్నాం. బండి వెనకే కూలీలు నిలబడతారు, చాలా భయంగా ఉంది.

డ్రమ్ములు విప్పి చూశాం. ఎడమ షూ మీద లైనర్ (డ్రమ్ముకి రాసుకునే పొర) రివెట్ల దాకా అరిగింది. లోపల షూని నెట్టే చిన్న లివర్ పిన్ను లూజు, షూకీ డ్రమ్ముకీ సందు సరిచేసే అడ్జస్టర్ తుప్పుపట్టి తిరగట్లేదు. కేబుల్ పోగులు కొన్ని తెగాయి. కాలి బ్రేకు తొక్కితే షూలని నెట్టే వీల్ సిలిండర్లు లీకు లేవు.

మెకానిక్ కేబుల్ మారిస్తే చాలంటున్నాడు. షూ అరిగి, డ్రమ్ముకీ దానికీ సందు ఎక్కువగా ఉంటే కొత్త కేబుల్ వేసినా లాభం ఉండదని నా నమ్మకం. రెండు వైపులా షూలు, అడ్జస్టర్లు మార్చి, మొదట వెనక చక్రాల దగ్గర సందు సరిచేసి, ఆఖర్న కేబుల్ బిగించడమే కదా సరైన వరస?

పాత షూలకే కొత్త లైనర్ రివెట్ చేయిస్తే లోడు బండికి పనికొస్తుందా? ఆ లివర్, పిన్ను విడిగా వైజాగ్‌లో ఎక్కడ దొరుకుతాయి?