పాత మాసీ ట్రాక్టర్‌కు రోటావేటర్ (మట్టిని పిండి చేసే మిషన్) ఎక్కించిన, పీటీఓ తెగుతనే ఉంది. ఎవరన్న చెప్పండి

పత్తిచేను_ఆదిలాబాద్: అన్నలూ, పొద్దున ఆరింటి నుంచి చేన్లనే ఉన్న. ఇప్పటికి నాలుగు సార్లు పీటీఓ తెగింది. కొత్తది వేస్తే పది నిమిషాలు ఆడుతది, టక్కున పోతది. రోటావేటర్ పాతదే, మొన్ననే తెచ్చిన. పిన్నులు లూజుగుంటే లేత్‌ల బుష్‌లు చేపిచ్చి ఎక్కించిన. గేర్‌బాక్స్‌ల ఆయిల్ ఉంది. చేతితోని తిప్పితే మంచిగనే తిరుగుతది. మెకానిక్ ఫోన్ ఎత్తుతలేడు. పత్తి కట్టె అంత అట్లనే నిలబడి ఉంది. ఏం చెయ్యాలె?

రాజు_ట్రాక్టర్_వర్క్స్: బండి ఏది? రోటావేటర్ ఎన్ని అడుగులు? మట్టిలో ఉన్నప్పుడు తెగుతుందా, లేపినప్పుడా?

గోదారి_గట్టు: పీటీఓ తెగడం ఏంటండీ? పీటీఓ అంటే ఇంజను బలంతో పనిముట్టుని తిప్పడానికి ట్రాక్టరు వెనకాల బయటికి పొడుచుకొచ్చిన పళ్ళ ముక్క. ఆరు పళ్ళు, 35 మిల్లీమీటర్ల లావు. అది నాలుగుసార్లు తెగితే ఈపాటికి బండి షెడ్డులో ఉండాలి. మీకు తెగేది పీటీఓని రోటావేటర్‌కి కలిపే షాఫ్టా, దాని చివర వంగే కీలులో ఉండే క్రాసా, బోల్టా? ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంటుంది.

పత్తిచేను_ఆదిలాబాద్: బోల్టే అన్న. షాఫ్ట్ చివరకుండేది. మా దిక్కు మొత్తం కలిపి పీటీఓ అనే అంటం.

నేలతల్లి: తమ్ముడూ, బోల్టు సంగతి ఎలాగూ తేలుతుంది గానీ ఒక్క మాట విను. నల్లరేగడిలో ఏటా రోటావేటరే తిప్పకు. పైన నాలుగైదు అంగుళాలు పిండి చేస్తుంది, దాని కింద మట్టి పలకలా బిగిసిపోతుంది. పోయినేడు మా చేలో పత్తి మొక్క పీకి చూశాను. తల్లివేరు జానెడు కూడా దిగలేదు, పలక తగిలిన చోట పక్కకి వంగి అడ్డంగా పాకింది. వాన పడితే నీళ్ళు ఇంకవు, నాలుగు రోజులు ఎండితే చేను వాడిపోతుంది. రెండు మూడేళ్ళకోసారైనా వేసవిలో నాగలితో లోతు దుక్కి చెయ్యి. పత్తి కట్టె కలపడానికి రోటావేటర్ మంచిదే, కాదనను.

కిట్టయ్య: ఆయన చేలో నిలబడి అడుగుతుంటే వేర్ల సంగతి ఇప్పుడెందుకండీ. 12.9 గ్రేడు గట్టి బోల్టు వేసేయ్ బ్రదర్. మా ఊళ్ళో అందరం అదే వేస్తాం, మళ్ళీ తెగదు.

రాజు_ట్రాక్టర్_వర్క్స్: 12.9 వద్దు. ఆ బోల్టు ఉన్నదే తెగడానికి. అది తెగకపోతే గేర్‌బాక్స్‌లో పళ్ళు పోతాయి, లేదా ట్రాక్టరు పీటీఓ నిజంగానే పోతుంది. తల మీద 8.8 ఉన్నది చాలు, రోటావేటర్ పుస్తకంలో వేరే రాసుంటే అదే వెయ్యి. నేనడిగినవి ఇంకా చెప్పలేదు.

పత్తిచేను_ఆదిలాబాద్: మాసీ 1035, 2001 మోడల్, సింగిల్ క్లచ్. రోటావేటర్ 5 అడుగులు. మట్టిల మంచిగనే నడుస్తది, గట్టు కాడ మలుపుకు లేపంగనే టకటక సౌండు వచ్చి తెగుతది. నిన్న షాఫ్ట్ ఇప్పి లోపల గ్రీజు పెట్టి మల్ల ఎక్కించిన, అది కూడ మంచిగనే ఉంది.

గోదారి_గట్టు: ఇంకో మాట. రోటావేటర్ అనేది ఆస్ట్రేలియాకి చెందిన హోవర్డ్ అనే ఆయన కంపెనీ తన యంత్రానికి పెట్టుకున్న పేరు. అసలు మాట రోటరీ టిల్లర్. పేరు సరిగ్గా చెబితే స్పేరు పార్టులూ సరిగ్గా దొరుకుతాయి.

కిట్టయ్య: మా షాపులో టిల్లర్ అంటే పవర్ టిల్లర్ సామాను తీస్తాడండీ. రోటావేటర్ అంటేనే తెలుస్తుంది.

రాజు_ట్రాక్టర్_వర్క్స్: గ్రీజు పెట్టానన్న మాట పొద్దున్నే చెప్పాల్సింది తమ్ముడూ, తప్పు అక్కడే ఉన్నట్టుంది. నీ షాఫ్టు చదరం పైపే కదా? చదరం పైపు నాలుగు రకాలుగా దూరుతుంది, అందులో రెండే సరైనవి. షాఫ్టు మధ్య పైపులకి రెండు చివరలా ఫోర్కులుంటాయి చూడు, ఆ రెండింటి చెవులూ ఒకే వరసలో ఉండాలి. ఒకటి నిలువుగా, ఇంకోటి అడ్డంగా ఉంటే తప్పు దూర్చినట్టే. క్రాసు వంపులో తిరిగేటప్పుడు ఒక్కో చుట్టుకి రెండుసార్లు వేగం పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. చెవులు వరసలో ఉంటే రెండో క్రాసు ఆ తేడాని సరిచేస్తుంది, లేకపోతే రెట్టింపు చేస్తుంది. షాఫ్టు తిన్నగా ఉన్నంతసేపు ఇది బయటపడదు. అందుకే మట్టిలో బాగానే నడిచి, లేపగానే బోల్టు పోతోంది. చేత్తో తిప్పితే అస్సలు తెలియదు.

ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని అప్పుడు షాఫ్టు దగ్గరికి వెళ్ళు. కండువా, పంచె చివర వేలాడకూడదు. పైపు బయటికి లాగి, పావు చుట్టు తిప్పి దూర్చు. పూర్తిగా లేపినప్పుడు, దించినప్పుడు రెండు పైపులూ ఒకదాన్నొకటి గుద్దుకోకుండా, ఊడిపోకుండా ఉన్నాయో లేదో ఇంజను ఆపే చూసుకో. మలుపులో క్లచ్ తొక్కి, పీటీఓ లివరు తీసి, అప్పుడు లేపు.

పత్తిచేను_ఆదిలాబాద్: ఒకటి నిలువు ఒకటి అడ్డమే ఉండె. తిప్పి పెట్టిన. సౌండ్ పోయింది, ఆరు సాళ్ళు అయినయి, బోల్టు అదే ఉంది. చీకటి పడుతుంది. థాంక్స్ రాజన్న.

నేలతల్లి: సంతోషం. వేసవి దుక్కి మర్చిపోకు తమ్ముడూ.

శ్రీను_నంద్యాల: రాజన్నా, మా పాత 30 హార్స్ పవర్ బండికి 6 అడుగులది ఎక్కిద్దామనుకుంటున్నా. లాగుతుందా?