సమస్యాపూరణం: తెలియదన్నవాఁడె గెలిచినాఁడు

నిర్వాహకుడు:
మన పద్యాల గ్రూపు సభ్యులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలదిలో చివరి పాదం. ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి.

తెలియదన్నవాఁడె గెలిచినాఁడు.

ఎక్కడ దొరికిందో చెప్తాను. మొన్న శనివారం అమీర్‌పేటలో మెట్రో దిగి మైత్రీవనం వైపు నడుస్తుంటే ఇద్దరు కుర్రాళ్ళు టీ బండి దగ్గర ఇంటర్వ్యూ ప్రశ్నల జిరాక్స్ కాగితాలు పట్టుకుని ఒకరినొకరు ప్రశ్నించుకుంటున్నారు. "నీ బలహీనత ఏంది?" అంటే "పనిలో పడితే టైమ్ చూసుకోను సర్" అని ఒకడు. వంతు మారింది. రెండోవాడూ అక్షరం పొల్లుపోకుండా అదే చెప్పాడు! ఇద్దరికీ ఒకటే బలహీనత, ఒకటే జిరాక్స్. ఇంటికొచ్చేసరికి ఈ పాదం తయారైంది.

తెలి–గెలి ప్రాసయతి వేశాను, అంటే మొదటి అక్షరాలు కలవకపోయినా రెండో అక్షరం 'లి' కలిసింది. యతి తప్పిందని దయచేసి మెసేజ్‌లు పెట్టకండి.

మల్కాజ్‌గిరి మిత్రుడు:
బోణీ నాదే.

బట్టిపట్టినట్టి పలుకులన్నియుఁ జెప్పి
ముందు వచ్చినట్టి ముగ్గు రోడ,
వెనుక వచ్చి "నేర్తు వెంటనే, యిప్పుడు
తెలియ" దన్నవాఁడె గెలిచినాఁడు.

సైదాబాద్ మాస్టారు:
పూరణ సలక్షణంగా ఉంది, అభినందనలు. గణాలు, యతులు సరిపోయాయి. కానీ రెండు పాదాల్లో రెండుసార్లు 'నట్టి' ఎందుకండీ? గణం నిండక వేసిన పూడిక అది. 'వచ్చి' కూడా రెండుసార్లు వచ్చింది. "బట్టిపట్టి తెచ్చి పలుకులన్నియుఁ జెప్పి, ముందు కూరుచున్న ముగ్గు రోడ" అంటే వ్యర్థపదం పోతుంది, వాళ్ళు వరసగా కుర్చీల్లో కూర్చున్న దృశ్యం కూడా వస్తుంది.

నిర్వాహకా, మీకూ ఒక మాట. సమస్యలో వైరుద్ధ్యం పలచగా ఉంది. మొదటిసారి వినగానే "ఛ, అలా ఎలా?" అనిపించాలి కదా. ఇది వినగానే "అవును నిజమే" అనిపిస్తోంది.

నిర్వాహకుడు:
ఒప్పుకుంటున్నాను మాస్టారూ. టీ బండి ప్రభావం.

విశ్రాంత హెచ్ఆర్:
నేను పద్యం రాయలేను, చదవడానికే వస్తాను. ఆ 'నట్టి' సంగతి చూసి నవ్వాగలేదు. పాతికేళ్ళు టేబుల్‌కి ఇటు వైపు కూర్చున్నాను. మా దగ్గర 'నట్టి'కి బదులు 'బేసిగ్గా', 'యాక్చువల్లీ' ఉంటాయి. ఒకబ్బాయి పేరు అడిగితే "బేసిగ్గా నా పేరు..." అని మొదలుపెట్టాడు. జవాబు ఫోన్‌లో రికార్డు చేసుకుని ఒక్కసారి వింటే చాలు, ఎవరి 'నట్టి' వాళ్ళకే తెలిసిపోతుంది.

కూకట్‌పల్లి కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఇది నా మొదటి పద్యం. సోమవారం రాయదుర్గంలో ఇంటర్వ్యూ ఉంది. టెన్షన్‌లో రాశాను, తప్పులుంటే క్షమించండి.

ఐదు యేండ్ల పిదప నగుపింతు వెచ్చట?
అనుచు నడుగ నవ్వి యతఁడు పలికె
రేపు మాపు మాట యెవ్వఁడు చెప్పును
తెలియదన్నవాఁడె గెలిచినాఁడు.

సైదాబాద్ మాస్టారు:
మొదటి పద్యమంటే నమ్మబుద్ధి కావడం లేదు నాయనా, నడక బాగుంది. రెండు దోషాలు. 'ఐదు' మీద 'ఏండ్లు' వస్తే ఉత్వసంధి నిత్యం, అంటే తప్పనిసరి. 'ఐదేండ్లు' అవుతుంది కానీ మధ్యలో యకారం రాదు. "ఐదు వత్సరముల కగుపింతు వెచ్చట" అను. మూడో పాదంలో యతి తప్పింది, 'రే'కి 'యె' చెల్లదు. "ఎల్లి మాట చెప్ప నెవ్వరి తరమయ్య" అంటే సరి. ఎల్లి అంటే రేపు. మా నాయనమ్మ మాట, ఇప్పుడెవరూ వాడటం లేదు.

కూకట్‌పల్లి కుర్రాడు:
ధన్యవాదాలు మాస్టారూ, సవరించుకున్నాను.

విశ్రాంత హెచ్ఆర్:
బాబూ, పద్యం సవరించుకున్నావు సరే, సోమవారం మాత్రం ఆ జవాబు చెప్పకు! 'తెలియదు'లో రెండు రకాలున్నాయి. డేటాబేస్ గురించి ఏదో అడిగారు, నీకు రాదు. అప్పుడు తెలియదనొచ్చు. వెంటనే "దీనికి దగ్గరగా ఉన్న ఫలానాది తెలుసు, ఇది కావాలంటే ఇలా వెతుకుతాను" అని రెండు ముక్కలు కలపాలి. ఐదేళ్ళ ప్రశ్న అలాంటిది కాదు, అది నీ గురించి అడుగుతోంది. నీ సంగతి నీకే తెలియదంటే ఇంకెవరికి తెలుస్తుంది? అక్కడ వాళ్ళేం జ్యోతిష్యం అడగడం లేదు. నువ్వు వెళ్ళాలనుకున్న దారిలో ఈ ఉద్యోగం ఉందా, లేక ఏ బస్సు ముందొస్తే అది ఎక్కేశావా అని చూస్తారు. ఏ పని లోతుగా నేర్చుకోవాలనుందో చెప్పు. హోదా పేరు చెప్పనక్కర్లేదు. "మీ కుర్చీలో ఉంటా సర్" అని జోకు అసలే వద్దు. అది విని విని అరిగిపోయింది.

'మీ గురించి చెప్పండి'కి ఏం రాసుకున్నావు? ఇక్కడ పెట్టు.

కూకట్‌పల్లి కుర్రాడు:
పెడుతున్నాను మేడమ్. "మాది ఖమ్మం దగ్గర పల్లె. నాన్న వ్యవసాయం, అమ్మ గృహిణి, ఒక అక్క, పెళ్ళయింది. పదో తరగతి ఊళ్ళోనే చదివాను. ఇంటర్ ఎంపీసీ, తర్వాత బీటెక్. రెండేళ్ళుగా సపోర్ట్‌లో చేస్తున్నాను. హాబీలు క్రికెట్, పాటలు వినడం. కష్టపడే తత్వం నా బలం."

విశ్రాంత హెచ్ఆర్:
ఇది పెళ్ళిచూపుల్లో చెప్పాల్సింది. వాళ్ళకి కావలసిన ముక్క ఒక్కటే, రెండేళ్ళ సపోర్ట్. దాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఆ రెండేళ్ళలో నువ్వు చేయడం వల్ల మారిన పని ఒకటి చెప్పు.

కూకట్‌పల్లి కుర్రాడు:
పెద్దగా ఏం లేదు మేడమ్. నైట్ షిఫ్ట్‌లో వచ్చే టికెట్లలో, అంటే యూజర్ల ఫిర్యాదుల్లో, సగానికి దగ్గరగా పాస్‌వర్డ్ రీసెట్లే ఉండేవి. విసుగొచ్చి చిన్న స్క్రిప్ట్ రాశాను. తర్వాత మా టీమ్ అంతా అదే వాడుకుంది.

విశ్రాంత హెచ్ఆర్:
ఇంత విషయం పెట్టుకుని క్రికెట్ అంటావేంటయ్యా! ముందు నువ్విప్పుడు చేస్తున్న పని, తర్వాత ఈ స్క్రిప్ట్ సంగతి, తర్వాత ఈ కొత్త ఉద్యోగానికి ఎందుకొచ్చావో. నిమిషంన్నరలో ముగించు. అక్క పెళ్ళి వాళ్ళడిగితే చూద్దాం.

ఇంకో సంగతి. ముప్పై ప్రశ్నలకి ముప్పై జవాబులు రాసుకోకు. ఐదారు సంఘటనలు గుర్తుచేసుకో. ఎవరితోనో గొడవైంది, ఒక తప్పు చేశావు, గడువు ముంచుకొచ్చింది, తెలియని పని మీద పడింది, ఇలాంటివి. ఒక్కోదాన్నీ నాలుగు భాగాలుగా చెప్పాలి: సందర్భం, అందులో నీ వంతు, నువ్వు చేసింది, ఫలితం. ఇంగ్లీషులో ఈ నాలుగింటి మొదటి అక్షరాలు కలిపి స్టార్ అంటారు. మాస్టారి భాషలో నాలుగు పాదాలు. మనవాళ్ళు మొదటి పాదంలోనే మూడు నిమిషాలు లాగి, చివరి పాదం వచ్చేసరికి "అలా అయింది మేడమ్" అంటారు.

సైదాబాద్ మాస్టారు:
అవధానమూ, అంటే సభలో అడిగినవాటికి అప్పటికప్పుడు పద్యాలు చెప్పడమూ, ఇంతేనమ్మా. సమస్య, ఇచ్చిన పదాలతో అల్లే దత్తపది, వర్ణన, వద్దన్న అక్షరాలు రాకుండా చెప్పే నిషిద్ధాక్షరి వస్తాయని అవధానికి ముందే తెలుసు. ఏ సమస్య ఇస్తారో, ఏ పదాలు ఇస్తారో తెలియదు. అందుకే ధారను సాధన చేసుకుని వస్తాడు. ఇంట్లో రాసుకున్న పద్యం చదివితే ప్రశ్న అడిగే పృచ్ఛకుడు ఇట్టే పట్టేస్తాడు.

విశ్రాంత హెచ్ఆర్:
అవధానంలో ధ్యాస మళ్ళించే అప్రస్తుత ప్రసంగం లాంటిది మాకూ ఉంది మాస్టారూ. "దారిలో ట్రాఫిక్ ఎలా ఉంది?" అంటాం. దానికి మామూలుగా మాట్లాడిన పిల్లవాడు తర్వాతి ప్రశ్నకి గొంతు మార్చి అప్పజెప్పడం మొదలుపెడితే తేడా చెవికే తెలుస్తుంది.

అశోక్‌నగర్ హాస్టల్:
మా గల్లీ అంతా పోటీ పరీక్షలకి చదివేవాళ్ళే, ఇక్కడా ఇదే చర్చ. తెలంగాణ గ్రూప్-1కి 2022లో ఇంటర్వ్యూ తీసేశారు కాబట్టి మాలో చాలామందికి ఆ బాధ లేదు. సివిల్స్ రాసేవాళ్ళకి మాత్రం మొత్తం 2,025 మార్కుల్లో 275 ఇంటర్వ్యూవే. నా రూమ్మేట్ సంగతి పద్యంలో పెట్టిన.

నెలల పాటు నేను నిదుర మానితి, వాఁడు
నిన్న సిన్మ చూచి నిద్రపోయె;
ఎట్ల మెచ్చినారొ యింటర్వ్యు వారలు
తెలియదన్న! వాఁడె గెలిచినాఁడు.

నిర్వాహకుడు:
ఆహా! 'అన్న'ను సంబోధన చేసేశారు. నేను రాసిన పాదంలో ఈ అన్న ఉన్నాడని నాకే తెలియదు.

సైదాబాద్ మాస్టారు:
విరుపులోనే ఉంది చమత్కారమంతా. 'సిన్మ', 'ఎట్ల' అనేవి 'మానితి' పక్కన కాస్త కలహించుకుంటున్నాయి. కానీ అవి తీసేస్తే హైదరాబాద్ పోతుంది. ఉండనివ్వండి. నా మార్కులు దీనికే.

మల్కాజ్‌గిరి మిత్రుడు:
బోణీ చేసినవాడికి ఏమీ లేదా మాస్టారూ?

సరూర్‌నగర్ సభ్యురాలు:
ఒక ఫిర్యాదు. సమస్యలో 'వాఁడె' అన్నారు. ఏడేళ్ళు పిల్లల్ని పెంచి మళ్ళీ ఉద్యోగం వెతుక్కునే మాలాంటివాళ్ళకి చోటేదీ? పాదాన్ని కాస్త మార్చి పూరిస్తున్నాను, నియమభంగమైతే తీసేయండి.

"ఇల్లు దిద్దుకొంటి నేడేండ్లు, బిడ్డలఁ
బెంచుచుంటిఁ; బనుల పేర్లె మారె;
నేర్చి వత్తు" ననుచు నిబ్బరమ్ముగఁ గొంత
తెలియదన్నవారె గెలిచినారు.

నిర్వాహకుడు:
తీసేయడమా! గణాలు చెడలేదు, ప్రాసయతి అలాగే ఉంది. సమస్య ఇచ్చేటప్పుడే నేను 'వారె' అనాల్సింది. తప్పు నాది, అమ్మా.

విశ్రాంత హెచ్ఆర్:
అందులో 'కొంత' అన్న మాట చాలా బాగుంది. 'ఏమీ తెలియదు' అనలేదు చూడండి. గ్యాప్ గురించి అడిగితే క్షమాపణ స్వరం వద్దు. రెండు వాక్యాల్లో కారణం చెప్పి, ఈ మధ్య ఏం నేర్చుకున్నారో దాని మీదికి వెళ్ళిపోవాలి. సంజాయిషీ పొడుగయ్యే కొద్దీ ప్రశ్నలూ పొడుగవుతాయి.

బోడుప్పల్:
ఆలస్యంగా వచ్చాను.

దొంగ యనుభవాలు దొరకు నంగడి దాటి
యున్నమాట వ్రాసె నొక్క పుటను;
"కట్టుకథలు చేర్చి కల్లలు చెప్పుట
తెలియ" దన్నవాఁడె గెలిచినాఁడు.

సైదాబాద్ మాస్టారు:
'కట్టుకథలు', 'కల్లలు' ఒకటే కదా, పునరుక్తి. మిగతాదంతా బాగుంది. 'అంగడి' మాట పదునుగా పడింది.

విశ్రాంత హెచ్ఆర్:
ఆ అంగడి సరుకు (దొంగ అనుభవ పత్రాలు) ఎక్కువ రోజులు నిలవదు. పీఎఫ్ ఖాతాలో ఎవరి దగ్గర ఎప్పటినుంచి ఎప్పటిదాకా పనిచేశారో ఉంటుంది. ఆఫర్ ఇచ్చాక కూడా వెరిఫికేషన్‌లో బయటపడి వెనక్కి పంపినవాళ్ళను చూశాను.

కూకట్‌పల్లి కుర్రాడు (సోమవారం రాత్రి):
ఇంటర్వ్యూ అయింది. ఐదేళ్ళ ప్రశ్న అడగలేదు! స్క్రిప్ట్ గురించే ఇరవై నిమిషాలు తవ్వారు. ఒకచోట నిజంగానే తెలియదన్నాను, ఎలా వెతుకుతానో చెప్పాను. ప్యానెల్‌లో ఒకాయన రాసుకున్నాడు, ఏం రాసుకున్నాడో కనిపించలేదు. చివర్లో ఖాళీ సమయంలో ఏం చేస్తారంటే పద్యాలు నేర్చుకుంటున్నానన్నాను. ఒకటి చదవమన్నారు. 'ఐదు వత్సరముల' అని ఎత్తుకున్నాను, మూడో పాదం గుర్తు రాలేదు. మాస్టారూ, ఆ 'ఎల్లి' మాట నోటికి అందలేదు! అందరూ నవ్వారు. మంచి నవ్వో కాదో తెలియదు. గురువారం రెండో రౌండ్‌కి రమ్మన్నారు, జీతం సంగతి మాట్లాడతారట. ఎంత అడగాలో అర్థం కావడం లేదు.

సైదాబాద్ మాస్టారు:
'రేపు మాపు' అనేసి రావలసింది. యతి ఎవరు చూస్తారక్కడ!

విశ్రాంత హెచ్ఆర్:
ముందు నీ అంకె చెప్పకు. ఆ పోస్టుకి అనుకున్న పరిధి ఎంతో అడుగు. వాళ్ళు చెప్పే సీటీసీలో, అంటే కంపెనీ నీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చులో, చేతికొచ్చేదెంత, ఏడాది చివర ఇస్తేనే వచ్చేదెంత అని విడదీసి చూసుకో. మిగతాది రేపు రాస్తాను, కళ్ళు మూతలు పడుతున్నాయి.

నిర్వాహకుడు:
అయితే వచ్చే వారం దాకా ఆగను, గురువారంలోపు పూరించండి. మాస్టారూ, ఈసారి వైరుద్ధ్యం సరిపోయిందో లేదో చూడండి.

జీత మడుగువాఁడు చెడ్డవాఁడు.