యాయేలు చేతిలో ఉన్నది మేకా, గుంజా?

సండే స్కూల్ టీచర్:

అందరికీ వందనాలు. పోయిన ఆదివారం పిల్లలకి న్యాయాధిపతులు 4వ అధ్యాయం చెప్పాను. కనాను సేనాపతి సీసెరా యుద్ధంలో ఓడి కాలినడకన పారిపోయి యాయేలు గుడారంలో దూరడం, ఆమె పాలిచ్చి గొంగళి కప్పడం, అతను ఆదమరిచి నిద్రపోతుంటే కణతల్లో గుడారపు మేకు దిగగొట్టడం. కథయ్యాక బొమ్మ గీయమంటే అందరూ ఒకటే గీశారు: గోడకి క్యాలెండర్ తగిలించే ఇనప మేకు. అంతలో ఒక పాప లేచి, "టీచర్, ఇంత చిన్న మేకు గాలికి గుడారాన్ని ఎలా ఆపుతుంది?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి బైబిల్ తిరగేస్తే నిర్గమకాండంలో మేకులే, యెషయాలో మేకులే, యేసు చేతుల్లో కూడా మేకులే. మూలభాషలో అన్నిటికీ ఒకటే మాటా? గుడారం విషయంలో 'గుంజ' అంటే పిల్లలకి బాగా తెలుస్తుందేమో కదా?

హీబ్రూ నేర్చుకుంటున్న సభ్యుడు:

ఒకటే మాట కాదు అక్కా. యాయేలు పట్టుకున్నదాన్ని హీబ్రూలో 'యాతేద్' అంటారు. విగ్రహం పడిపోకుండా కొట్టే మేకులకి (యెషయా 41:7, యిర్మీయా 10:4) 'మస్మేర్' కుదురుకి చెందిన మాట వేరే ఉంది. తోమా చూడాలన్న "మేకుల గురుతు" కొత్త నిబంధనలోది, అక్కడ గ్రీకు మాట 'హేలోస్'. మన పాత అనువాదం మూడింటికీ 'మేకు' అనే పెట్టింది. పిల్లలు ఇనప మేకు గీయడంలో వాళ్ల తప్పేమీ లేదు.

యాతేద్ అంటే భూమిలోనో గోడలోనో దిగి, దేన్నో పట్టి ఉంచే మొనదేలిన కొయ్య. అది చేసే పనులు చాలా. గుడారం తాడు దానికే కడతారు. గోడకి ఉంటే దానిమీద గిన్నెలు, కూజాలు వేలాడతాయి. యెహెజ్కేలు 15:3 చూడండి: ద్రాక్షకర్రతో పాత్ర తగిలించడానికి కనీసం ఒక మేకైనా వస్తుందా అని ప్రశ్న. మన పాత ఇళ్లలో చిలక్కొయ్య చేసిన పనే అది. మగ్గం దగ్గరా ఉంది: దెలీలా సమ్సోను జడల్ని నేతలో కలిపి యాతేద్‌తోనే బిగిస్తుంది. ఇంకోచోట తవ్వే పనిముట్టు. ద్వితీయోపదేశకాండం 23:13లో దండులో ఉన్నవాడు బహిర్భూమికి వెళ్లేటప్పుడు మట్టి తవ్వి కప్పడానికి దగ్గర పెట్టుకోవలసినది యాతేదే. అక్కడ మాత్రం మన అనువాదకులు మేకు అనలేదు, 'గసిక' అన్నారు. ఎంత చక్కటి మాట! మొన చెక్కిన కొయ్య అని వినగానే తెలిసిపోతుంది. యాయేలు కథలో కూడా గసిక అని ఉంటే మీ పాపకి ఆ అనుమానం వచ్చేదే కాదు.

షామియానాల పనిచేసే సభ్యుడు:

గుంజ అనకండి టీచర్ గారూ. గుంజ నిలబడి బరువు మోసేది, మధ్యలో డేరాని ఎత్తి పట్టేది. మేకు బరువు మొయ్యదు, లాగుడుని ఓర్చుకుంటుంది. రెండింటి పనీ వేరు. గేదెని కట్టేసే గుంజ అయితే కొంతవరకు సరే.

మేం వాడేది మూరెడు ఇనప కడ్డీ, సమ్మెటతో కొడతాం. తిన్నగా కొడితే మొదటి గాలికే లేచిపోతుంది. తాడు లాగే దిక్కుకి ఎదురుగా, తల డేరాకి దూరంగా ఉండేలా వాల్చి కొట్టాలి. ఇసక నేలైతే పొడుగు కడ్డీ కావాలి. నూలు తాడు, జనపనార తాడు వానకి తడిస్తే బిగుసుకుని మేకుని పెళ్లగిస్తాయి, అందుకే మబ్బు పట్టగానే తాళ్లు కాస్త వదులు చేస్తాం. పందిరి పెద్దది వేసి పాత మేకులే చాలనుకుంటే గుడ్డ తెరచాపైపోతుంది. మీ బైబిల్లో దీని గురించి ఏమైనా ఉందా?

హీబ్రూ నేర్చుకుంటున్న సభ్యుడు:

ఉందన్నా, మీరు చెప్పిన మాటే. యెషయా 54:2: "నీ త్రాళ్లను పొడుగుచేయుము, నీ మేకులను దిగగొట్టుము." గుడారం చోటు పెంచు, తెరలు సాగనివ్వు అని చెప్పి ఊరుకోలేదు. తెర పెరిగితే గాలి ఎక్కువ పడుతుంది, తాళ్లమీద లాగుడు పెరుగుతుంది, కాబట్టి మేకు గట్టిగా ఉండాలి. హీబ్రూలో ఉన్న క్రియకి 'బలపరచు' అని అర్థం. మనవాళ్లు 'దిగగొట్టుము' అన్నారు. ఎలా బలపరచాలో కూడా చెప్పేసిన మాట అది, నాకు మూలం కంటే ఇదే ఎక్కువ ఇష్టం.

కానీ అదే వచనంలో తెలుగులో ఒకటి పోయింది. హీబ్రూలో ఆ ఆజ్ఞలన్నీ స్త్రీలింగంలో ఉన్నాయి. ఒక ఆడమనిషితో అంటున్న మాటలవి. ముందు వచనంలో "గొడ్రాలా" అని పిలిచింది ఆమెనే. 'పొడుగుచేయుము', 'దిగగొట్టుము' అన్నప్పుడు తెలుగు క్రియలో ఆడా మగా తేడా లేదు, అందుకని సుత్తె ఎవరి చేతిలో ఉందో మనకి కనపడదు. నేను ఆ వచనం చిన్నప్పటినుంచీ కంఠతా చెబుతున్నాను. ఒక్కసారి కూడా ఆడమనిషి మేకు కొడుతున్నట్టు ఊహించుకోలేదు. ఎడారిలో తిరిగే అరబ్బు సంచారులు బెదూయిన్లలో సంప్రదాయంగా గుడారం నేయడం, వేయడం, విప్పడం ఆడవాళ్ల పని. యాయేలు ఆయుధం కోసం వెతుక్కోలేదు. ఆమె భర్త హెబెరు తనవాళ్లనుంచి వేరుపడి కెదెషు దగ్గర గుడారం వేసుకున్నవాడు (4:11). మకాం మారినప్పుడల్లా సుత్తె, మేకు పట్టుకున్న చెయ్యి ఆమెది అయి ఉంటుంది. దెబోరా పాట ఆమెని "గుడారములలోనుండు స్త్రీలలో" ధన్యురాలు అంటుంది. ఆ 'గుడారములలోనుండు' అన్న విశేషణం ఊరికే పడలేదని నాకు ఇప్పుడు అనిపిస్తోంది.

ఒక సభ్యురాలు:

మా సంఘంలో యెషయా 22:23 మీద వాక్యం విన్నాను. "దిట్టమైనచోట మేకు కొట్టినట్టు" అన్నది సిలువ మేకుల గురించిన ప్రవచనమని చెప్పారు. మీరు చెప్పేదాన్నిబట్టి అది తప్పంటారా?

హీబ్రూ నేర్చుకుంటున్న సభ్యుడు:

మాట వరకు చూస్తే అది తెలుగులో మాత్రమే కుదిరే లంకె చెల్లీ. అక్కడున్నది యాతేద్, సిలువ దగ్గరిది వేరే మాట. సందర్భం కూడా చూడండి. షెబ్నాని తీసేసి హిల్కీయా కొడుకు ఎల్యాకీముకి రాజగృహం బాధ్యత ఇవ్వడం అది. మేకు ఎల్యాకీమే. తండ్రి ఇంటి ఘనతంతా, చిన్న గిన్నెనుంచి పెద్ద కూజా దాకా, అతనిమీద వేలాడుతుంది. తర్వాత 25వ వచనంలో దిట్టమైన చోట నాటిన ఆ మేకు కూడా ఊడిపోతుంది, దానిమీది బరువంతా పోతుంది. బంధువులందరూ ఒక్కడినే పట్టుకు వేలాడితే ఏమవుతుందో మన ఇళ్లలో తెలియనిది కాదు.

అయితే ఆ వాక్యం చెప్పినవారికి ఆధారమే లేదనను. 22వ వచనంలోని దావీదు ఇంటి తాళపుచెవిని ప్రకటన 3:7 క్రీస్తుకి చెబుతుంది. జెకర్యా 10:4లో మూలరాయి తర్వాత వచ్చే మేకుని తర్గూము, అంటే యూదుల పాత అరమేయిక్ అనువాదం, 'అభిషిక్తుడు' అనే అనువదించింది. అంటే మేకుని మెస్సీయగా చదవడం పాత సంగతే. ఆ దారి ఇనప మేకుల మీదుగా రాలేదు, అంతే. ఇంకో చిత్రం: ఎజ్రా 9:8 ప్రార్థనలో, చెరనుంచి తిరిగొచ్చిన కొద్దిమంది తరఫున ఎజ్రా, దేవుడు తన పరిశుద్ధస్థలంలో తమకొక యాతేద్ ఇచ్చాడంటాడు. తెలుగులో అక్కడ 'స్థిరపరచు' అని భావం మిగిలింది, వస్తువు పోయింది. అంతా కోల్పోయి వచ్చినవాళ్లు ఒక్క కొయ్య దొరికిందని సంతోషించారన్న బొమ్మ నాకు ఆ ప్రార్థనంతటికీ ప్రాణం. అది పోవడం నాకు కష్టంగానే ఉంది.

ఛందస్సు అభిమాని:

యాతేద్ అనగానే అరబ్బీ 'వతద్' గుర్తొచ్చింది. రెండూ ఒకే కుదురు. ఖురాన్‌లో పర్వతాల్ని భూమికి మేకులన్న చోట (78:7) దాని బహువచనమే ఉంది. నాకు అంతకంటే ముచ్చటైనది ఛందస్సు. 8వ శతాబ్దంలో ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అరబ్బీ ఛందస్సుకి లక్షణం చెప్పినప్పుడు పద్యపాదాన్ని 'బైత్' అన్నాడు, ఇల్లు, గుడారం అని అర్థం. గణాల్లోని ముక్కల్లో ఒకదాన్ని 'సబబ్', తాడు అన్నాడు, ఇంకోదాన్ని వతద్, మేకు అన్నాడు. 10వ శతాబ్దంలో దూనాష్ బెన్ లబ్రత్ ఆ పద్ధతిని హీబ్రూ పద్యంలోకి తెచ్చాడు. అక్కడ యాతేద్ అంటే ఒక హ్రస్వం, దాని వెంట ఒక దీర్ఘం. మన లెక్కలో లఘువు, గురువు, అంటే వగణం. 'సదా' అన్నామంటే ఒక మేకు కొట్టినట్టే!

సండే స్కూల్ టీచర్:

ఇది పిల్లలకి చప్పట్లు కొట్టించి చెప్పొచ్చు! ఒక సందేహం ఉండిపోయింది. మేకు అంటే స్థిరత్వం అని అందరూ అంటారు. ఎప్పుడు పీకేస్తారో తెలియని గుడారానికి స్థిరత్వమేమిటి? అబ్రాహాము పునాదులుగల పట్టణం కోసం ఎదురుచూశాడని హెబ్రీ పత్రికలో (11:10) ఉంది కదా.

హీబ్రూ నేర్చుకుంటున్న సభ్యుడు:

అసలు ప్రశ్న అదే అక్కా. పునాదికీ మేకుకీ తేడా పీకడంలో ఉంది. హీబ్రూలో 'నాసఅ' అనే క్రియకి పెరకడం, పెళ్లగించడం అని అర్థం. ప్రయాణం కట్టడానికీ అదే క్రియ, మేకులు పీకితేనే కదా దారి పట్టేది. సంఖ్యాకాండం 33లో ఐగుప్తునుంచి యొర్దాను దాకా 42 మజిలీలు లెక్కకొస్తాయి. ప్రతి చోటా "బయలుదేరి" అన్న మాట కింద ఈ క్రియే ఉంది. మన భాషలో ఊరు వదిలేవాడు బిచాణా ఎత్తేస్తాడు, అంటే పక్కబట్టలు చుడతాడు. వాళ్లు మేకులు పీకారు. తెలుగు అనువాదంలో "బయలుదేరి" పక్కనే "దిగిరి" అని ఉంది చూడండి. పెళ్లివారు విడిదిలో దిగడం, మేకు నేలలో దిగడం, 'దిగగొట్టుము'లోని దిగడం, మూడూ ఒకటే క్రియ. హీబ్రూలో మేకు జాడ బయలుదేరడంలో ఉంటే, తెలుగులో అది చేరుకోవడంలో దొరికింది. అనువాదకులు కావాలని చేశారో లేదో గాని, నాకు మాత్రం ఆ అధ్యాయం పొడుగునా సుత్తె చప్పుడు వినిపిస్తుంది.

ఇక ఆ క్రియని పట్టుకుని వెళ్లండి. సమ్సోను నిద్రలేచి మగ్గపు మేకుని ఊడదీసుకుపోయింది ఈ మాటతోనే. హిజ్కియా రోగంతో పడుకుని "నా నివాసము పెరికివేయబడెను" అని గొర్రెలకాపరి గుడిసెతో పోల్చుకున్నదీ (యెషయా 38:12) ఈ మాటతోనే. యెషయా 33:20లో యెరూషలేము గురించి "దాని మేకులెన్నడును ఊడదీయబడవు" అన్నప్పుడూ ఇదే. ఆ చివరి వచనం బలం ఇప్పుడు చూడండి. అక్కడ పట్టణాన్ని కోట అనలేదు, గుడారమే అన్నారు. తాళ్లున్నాయి, మేకులున్నాయి, కానీ ఇక బయలుదేరడం లేదు. నలభై ఏళ్లు నడిచినవాళ్ల మనవలకి అంతకంటే నెమ్మదైన మాట ఏముంటుంది?

వాళ్లకి మేకు చిన్న వస్తువు కూడా కాదు. ఎడారి ప్రయాణంలో ఆరాధనకి వేసుకున్న ప్రత్యక్షగుడారపు మేకులు ఇత్తడివి (నిర్గమ 27:19), వాటిని మోసే వంతు లేవీ గోత్రంలోని మెరారీయులది, ఒక్కొక్కటీ పేరు పేరునా లెక్క చూసుకోవాలి (సంఖ్యా 4:32). పలకలు, స్తంభాలతో కలిపి ఆ బరువుకి నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దుల్ని ఇచ్చారు.

ఛందస్సు అభిమాని:

యెషయా 54:2 గురించి ఒక చిన్న ముక్క. 1792 మే నెలలో నాటింగ్‌హామ్‌లో మిషనరీ విలియం కేరీ ప్రసంగించింది ఈ వచనం మీదే. మరుసటి సంవత్సరం ఆయన బెంగాల్ చేరాడు. 1814లో శ్రీరాంపురంలో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన కేరీ ఈయనే. తాళ్లు మన భాష దాకా వచ్చాయన్నమాట.

సండే స్కూల్ టీచర్:

ఈ ఆదివారం సంగతి రాస్తున్నాను. షామియానా అన్నయ్య చెప్పినట్టు మూరెడు కర్ర మొన చెక్కించి, చర్చి వెనక నేలలో వాల్చి కొట్టాం. సుత్తె ఆడపిల్లలకే ఇచ్చాను. తాడు కట్టి ఆరుగురు లాగినా కదల్లేదు. పెద్దబ్బాయి ఒకడు నిటారుగా పైకి లాగి ఓడిపోయాడు. ఆ ప్రశ్న అడిగిన పాపే దగ్గరికెళ్లి, కొయ్యని అటూ ఇటూ ఊపి ఊపి వదులుచేసి, రెండు చేతులా పెరికేసింది. పెరికి, "టీచర్, ఇప్పుడు మనం ఎక్కడికెళ్లాలి?" అంది.