ఛార్జింగ్ పోర్ట్‌కి వారంటీ వర్తించదంటున్నారు, ఏం చేయాలి?

ల్యాప్‌టాప్ కొని 9 నెలలైంది, వారంటీ ఏడాది. మూడు వారాలుగా టైప్-సి పోర్ట్ వదులై, కేబుల్‌ని కాస్త పైకి ఎత్తి పడితేనే ఛార్జింగ్ లైటు వెలుగుతోంది. ప్రస్తుతానికి కేబుల్ కింద అగ్గిపెట్టె పెట్టి నెట్టుకొస్తున్నాను. వేరే 65 వాట్ల ఛార్జర్, వేరే కేబుల్ పెట్టి చూశాను, బయోస్ అప్‌డేట్ చేశాను, పోర్ట్‌లో దుమ్ము తీశాను. ఏం మారలేదు.

సర్వీస్ సెంటర్లో రెండు నిమిషాలు చూసి, మదర్‌బోర్డు మార్చాలి, 18,500 అవుతుందన్నారు. జాబ్‌షీట్ మీద ‘సీఐడీ’ అని రాశారు. పోలీసులు గుర్తొచ్చారు నాకు. కస్టమర్ ఇండ్యూస్డ్ డ్యామేజ్ అట, అంటే పాడుచేసింది నేనే! కింద పడింది లేదు, నీళ్లు తగిలింది లేదు. కస్టమర్ కేర్‌కి రెండు మెయిళ్లు పెట్టినా అదే జవాబు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేసేముందు అడుగుతున్నాను: జాబ్‌షీట్‌లో సీఐడీ అని రాశాక కూడా వారంటీలోనే ఉచితంగా చేయించుకున్నవాళ్లు, కంపెనీకి ఏ ఆధారాలు చూపించి ఒప్పించారు?