విరేచనాలకి మామిడి జీడి పొడా, ఓఆర్‌ఎస్ ప్యాకెట్టా?

గుణుపురం కోడలు:
వానలు మొదలయ్యాక మా వీధిలో ఏ ఇంట్లో చూసినా పిల్లలకి విరేచనాలే. మా పాపకి మూడేళ్ళు, నిన్నటి నుంచి నీళ్ళలా అవుతున్నాయి. ఎండబెట్టి దాచిన మామిడి జీడి (టెంక లోపలి పప్పు) పొడి పుల్లమజ్జిగలో కలిపి పట్టమని, పాలూ అన్నం ఆపేయమని అత్తయ్య అంటున్నారు. మా ఆయనేమో ఆశా దీదీ ఇచ్చిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ముందు పెట్టారు. ఎవరి మాట వినాలో చెప్పండి.

మజ్జిగౌరమ్మ బిడ్డ, రాయగడ:
అత్తగారి మాటే వినండి వదినా. జీడి పొడి వగరు, రెండు పూటల్లో కట్టేస్తుంది, మా ఇంట్లో అందరం దాంతోనే పెరిగాం. ఒడియా వాళ్ళు మారేడు పండుని కడుపు జబ్బులకి వాడరా? పణా సంక్రాంతికి బేల పణా తాగరా? ప్రతి చిన్నదానికీ పార్వతీపురం ఆసుపత్రికి పరిగెత్తడం ఈ మధ్య వచ్చిన రోగం.

మందుల షాపు, బరంపురం:
పార్వతీపురం వెళ్ళమని ఎవరూ అనలేదు కదండీ. వగరు నిజమే, జీడిలో టానిన్లుంటాయి. కానీ విరేచనం ఆగిందా లేదా అన్నది కాదు ఇక్కడ చూడాల్సింది, ఒంట్లోంచి ఎంత నీరు, ఎంత ఉప్పు పోయిందన్నది. బయటికి రావడం తగ్గినా పేగులోకి నీరు ఊరుతూనే ఉండొచ్చు, తల్లి మాత్రం తగ్గిపోయిందనుకుంటుంది. చిన్నపిల్లలకి మోషన్లు ఆపే మాత్రలు ఇవ్వనిది కూడా ఇలాంటి భయంతోనే. ప్యాకెట్టు మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపండి, 24 గంటలు దాటితే పారబోయండి. ఈ వయసు పిల్లకి విరేచనమైన ప్రతిసారీ 100 నుంచి 200 మిల్లీలీటర్లు, చెంచాతో కొంచెం కొంచెంగా. జింకు మాత్ర రోజుకి 20 మిల్లీగ్రాములు, 10 నుంచి 14 రోజులు. ఇంకోమాట, అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి డ్రింకులు దీనికి పనికిరావు. ఫార్ములా ప్రకారం లేనివాటి మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆపించింది కూడా.

పర్లాకిమిడి మాస్టారు:
ఇద్దరూ వంటిల్లు ఒకవైపు, మందు ఇంకోవైపు అన్నట్టు మాట్లాడుతున్నారు. అసలు వంటింటి మందు జీడి కాదు, వామూ కాదు, గంజి. ఓఆర్‌ఎస్ పని చేసేది ఎందుకంటే, కలరా పట్టిన పేగు కూడా చక్కెర వెంట ఉప్పుని లోపలికి లాక్కుంటుంది, ఉప్పు వెంట నీరు వెళ్తుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు వచ్చినప్పుడు బొంగావ్ శిబిరంలో సెలైను చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్ళే డ్రమ్ముల్లో కలిపి తాగించారు, నూటికి 30 దాకా ఉన్న చావులు 4 లోపుకి వచ్చాయి. తర్వాత గ్లూకోజు బదులు లీటరుకి 50 నుంచి 80 గ్రాముల బియ్యప్పిండి ఉడికించి ఇచ్చి చూశారు, కలరా రోగులకి విరేచనం ఇంకా తగ్గింది. పిండిపదార్థం పేగులో నెమ్మదిగా చక్కెరగా మారడమే దానికి కారణం. అంటే మన గంజి! ఉప్పు మాత్రం కొలిచి వెయ్యాలి, లీటరుకి అర టీస్పూను. పాలు, అన్నం ఆపేయడం మాత్రం తప్పు, ఆ మాట అత్తగారికి నెమ్మదిగా చెప్పమ్మా. ఇక జీడి సంగతా, 2001లో మన రాయగడ జిల్లా కాశీపూర్‌లో, 2024లో కంధమాల్‌లో మామిడి టెంక జావ తాగి మనుషులు పోయిన సంగతి మరిచిపోయారా?

మజ్జిగౌరమ్మ బిడ్డ, రాయగడ:
మాస్టారూ, అది అన్యాయం. కాశీపూర్‌లో టెంక జావ అన్నది ప్రభుత్వం, ఆకలి చావులన్నది ఊళ్ళోవాళ్ళు, ప్రతిపక్షాలు. బియ్యం దొరక్క తినేవాళ్ళు జావ ఎంతకాలం నిలవుందో చూసుకుంటారా? నానబెట్టి, కడిగి, కరకరలాడేలా ఎండబెట్టిన చిటికెడు పొడికీ, వానల్లో బూజు పట్టిన టెంకలతో కడుపు నింపుకోవడానికీ పోలికేంటి?

పర్లాకిమిడి మాస్టారు:
ఆకలి మాట కాదనను. కానీ వానాకాలంలో డబ్బాలో పొడికి బూజు పట్టిందో లేదో కంటితో ఎలా తేలుస్తావు? అదే కాశీపూర్‌లో 2007లో కలరా వచ్చింది. అప్పుడు ఊరి బయట వాగు నీళ్ళు తాగినవాళ్ళకి చిటికెడు జీడి పొడి ఏం చేసేది చెప్పు.

కొరాపుట్ కాఫీ:
మధ్యలో వస్తున్నా క్షమించండి. మా వైపు సంతలో అడవి తేనె బాగా దొరుకుతుంది, విరేచనాలకి తేనె నీళ్ళు పట్టేవాళ్ళూ ఉన్నారు. ఏడాది దాటిన పిల్లలకి దగ్గుకి తేనె మంచిదే, ఏడాది లోపు పిల్లలకి నాలుక మీద చుక్క కూడా వద్దు. బాట్యులిజం అనే జబ్బు రావచ్చు.

మందుల షాపు, బరంపురం:
గుణుపురం వాళ్ళకి ఒకటే మాట. విరేచనం బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నా, రక్తం పడినా, తాగిందంతా కక్కేస్తున్నా, కళ్ళు లోపలికి పోయినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా గంజి, పొడి అని చూడకుండా ఆసుపత్రికి వెళ్ళిపోండి.

గుణుపురం కోడలు:
ఉదయం నుంచి ప్యాకెట్టు నీళ్ళు, మధ్యలో ఉప్పు గంజి పడుతున్నాను. మూత్రం వచ్చింది. గంజి అనగానే అత్తయ్య ఒప్పేసుకున్నారు, పాల దగ్గరే ఇంకా పేచీ.

మజ్జిగౌరమ్మ బిడ్డ, రాయగడ:
సంతోషం వదినా. జీడి పొడి మాత్రం నేను మానను, పెద్దవాళ్ళం కదా.

మందుల షాపు, బరంపురం:
పెద్దవాళ్ళయితే మీ ఇష్టం. పోయినేడాది పొడి అయితే మాత్రం పారేయండి.