ఇంటి యజమాని పెద్దాయన పోయారు: పిలవకపోయినా వెళ్ళవచ్చునా?

ప్రశ్న (అమెరికాలోని అయోవా రాష్ట్రం, ఏమ్స్ నుంచి కొత్త సభ్యుడు)

పెద్దలందరికీ నమస్కారం. విజయనగరం నుంచి చదువుకోసం ఇక్కడికి వచ్చి మూడు నెలలైంది. నేను అద్దెకుంటున్న ఇంటి యజమాని మొన్న ఆదివారం కన్నుమూశారు. ఆయన ఊరి చివర మొక్కజొన్న, సోయాబీన్ పండించేవారు, వియత్నాం యుద్ధకాలంలో సైన్యంలో పనిచేశారు. నేను దిగిన మొదటి వారంలో తన పికప్ ట్రక్కులో మంచమూ పరుపూ తెచ్చిపెట్టింది ఆయనే. శుక్రవారం సాయంత్రం విజిటేషన్ (అంత్యక్రియలకు ముందు కుటుంబాన్ని పరామర్శించే వేళ), శనివారం అంత్యక్రియలు అని పత్రికలో వేశారు. నన్నెవరూ పిలవలేదు. వెళ్ళవచ్చునా? వెళితే ఏం కట్టుకోవాలి, ఏం మాట్లాడాలి?

జవాబు (మార్షల్‌టౌన్ నుంచి)

బాబూ, తప్పకుండా వెళ్ళండి. పెళ్ళికి పిలిస్తేనే వెళ్ళాలి, చావుకు పిలవకపోయినా వెళ్ళాలి అని మన ఊళ్ళలో అనుకుంటాం కదా, ఈ ఒక్క విషయంలో అయోవా పల్లెకూ మన పల్లెకూ తేడా లేదు. చోటూ సమయమూ పత్రికలో వేశారంటే అదే ఊరందరికీ కబురు. నేను ఇక్కడికి వచ్చిన రెండో ఏడు, మంచులో కాలవలోకి జారిన మా కారును ట్రాక్టరుతో లాగిపెట్టిన పొరుగు రైతు పోతే, పరాయివాణ్ణి నేనెందుకని ఇంట్లోనే ఉండిపోయాను. నెల తరవాత ఆయన భార్య పోస్టాఫీసులో కనిపించి, మీ పిల్లవాడి గురించి ఆయన తరచూ చెబుతుండేవారు అన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

వెళ్ళే ముందు ఆయన ఒబిచ్యువరీని, అంటే పత్రికలో వేసిన ఆ మరణ ప్రకటనను, ఇంకొకసారి నిదానంగా చదవండి. ఆ నాలుగు పేరాలు పొడిగా కనిపిస్తాయి గాని, ఒక్కొక్క వాక్యం వెనక ఎంతో ఉంటుంది. యాభై ఏళ్ళు ఒకే పొలం సాగుచేశారని రాసి ఉంటే, 1980ల వ్యవసాయ సంక్షోభాన్ని ఆ కుటుంబం తట్టుకుని నిలబడిందని అర్థం. 1981కీ 1986కీ మధ్య అయోవాలో ఎకరం ధర దాదాపు మూడింట రెండు వంతులు పడిపోయింది. భూమి విలువను చూసి పెద్ద అప్పులు తెచ్చినవారు, వడ్డీలు మండిపోతుంటే, తాతలనాటి పొలాలు వేలానికి పోవడం కళ్ళారా చూశారు. ప్రకటనలో 'సెంచరీ ఫార్మ్' అన్న మాట ఉందేమో కూడా చూడండి. కనీసం నలభై ఎకరాలు నూరేళ్ళకు పైగా ఒకే కుటుంబం చేతిలో ఉంటే 1976 నుంచి ఈ రాష్ట్రం ఇస్తున్న గుర్తింపు అది, ఇక్కడి రైతు ఇంట దానికంటే పెద్ద బిరుదు లేదు. మా నాన్నగారు అనంతపురంలో వేరుశనగ వేసి అప్పులతో వేగినవారు కాబట్టి ఆ మాట కనిపించినప్పుడల్లా నేను కాసేపు ఆగిపోతాను.

సైన్యం గురించి మాత్రం ఒక్క వాక్యమే ఉండవచ్చు. ఆ తరంలో చాలామంది యుద్ధం గురించి ఇంట్లోవాళ్ళతో కూడా మాట్లాడలేదు కాబట్టి మీరూ దాన్ని అడగవద్దు.

విజిటేషన్‌కు ముదురు రంగు ప్యాంటు, ఇస్త్రీ చేసిన చొక్కా చాలు. గుమ్మం దగ్గర పుస్తకంలో పేరు రాసి వరసలో నిలబడండి. శవపేటిక తెరిచి ఉండవచ్చు, చూడలేకపోతే తల వంచి ముందుకు సాగవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. పక్కన బల్లమీద పెళ్ళినాటి ఫోటోలు, సైనిక దుస్తుల్లోని ఫోటో, బహుశా ఒక బొమ్మ ట్రాక్టరు కూడా ఉంటాయి. కుటుంబసభ్యులు వరసగా నిలబడి అందరి చేతులూ పట్టుకుంటారు. అక్కడ మీ పేరు, వారితో మీకున్న పరిచయం చెప్పి, ఆ మంచం సంగతి చెప్పండి. మీరు మోయలేకపోతే ఆయన ఒక కొస పట్టుకున్నారా, దారిలో ఏమన్నారు, అలాంటిది ఏదైనా, నిజంగా జరిగింది జరిగినట్టుగా. పిల్లలకు తమ తండ్రి గురించి తాము ఎరగని ముచ్చట ఒకటి దొరకడం ఆ రోజున వారికి ఎంతో ఊరట. 'అంతా దేవుడి దయ' వంటి పెద్ద మాటలు అక్కర లేదు.

శనివారం శ్మశానం దాకా వెళితే సైనిక లాంఛనాలు చూస్తారు. కుటుంబం కోరితే, కనీసం ఇద్దరు సైనికులు వచ్చి పేటికమీది జెండాను మడిచి భార్యకో బిడ్డకో అందించాలనీ, 'ట్యాప్స్' అనే బాకా బాణీ వినిపించాలనీ 2000 జనవరి నుంచి చట్టం ఉంది. అమెరికా అంతర్యుద్ధకాలంలో, 1862లో పుట్టిన బాణీ అది, స్వరాలు ఇరవై నాలుగే. చాలాచోట్ల ఊళ్ళోని అమెరికన్ లీజియన్ (మాజీ సైనికుల సంఘం) వృద్ధులు తుపాకులతో మూడు సార్లు గాలిలోకి కాలుస్తారు. ఆ చప్పుడుకు ఉలిక్కిపడకుండా ముందే సిద్ధంగా ఉండండి. జెండాను త్రికోణంగా మడిచేంతసేపూ ఎవరూ కదలరు, మీరు టోపీ తీసి నిశ్శబ్దంగా నిలబడితే చాలు.

జవాబు (సీడార్ రాపిడ్స్ నుంచి)

బాబూ, అన్నగారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. శ్మశానం నుంచి వచ్చాక చర్చి కింది హాలులో భోజనం పెడతారు, దాన్ని తప్పించుకుని రావద్దు. చావింట భోజనమని మనకు సంకోచం ఉంటుంది, ఇంటికి వచ్చి స్నానం చేయాలనుకుంటే చేయండి, కాని ఆ బల్ల దగ్గర కూర్చోండి. హ్యామ్ శాండ్‌విచ్‌లు ఎక్కువ ఉంటాయి, మాంసం తినకపోతే బంగాళదుంప సలాడ్ సంగతి వడ్డించేవారిని అడగండి. ఆయన గురించి అసలు కబుర్లు అక్కడే వస్తాయి. మా ఊళ్ళో ఒక రైతు అక్టోబరు కోతల ముందు పోతే, చుట్టుపక్కలవారు తమ కోత యంత్రాలతో వచ్చి ఒక్క రోజులో ఆ చేనంతా కోసిపెట్టారు. ఏ రోజు రావాలన్నది వారు నిర్ణయించుకున్నది ఆ భోజనాల దగ్గరే. పువ్వులు వద్దని ప్రకటనలో ఉంటే కొనవద్దు. ఒక కార్డుమీద రెండు వాక్యాలు మీ చేతిరాతతో రాసి ఇవ్వండి.

జవాబు (మార్షల్‌టౌన్ నుంచి)

బాబూ, నాకు ఏమ్స్ గంట లోపు ప్రయాణమే. ఒంటరిగా లోపలికి వెళ్ళడానికి ఇబ్బందిగా ఉంటే రాయండి, శుక్రవారం సాయంత్రం నేను వచ్చి మీతో వరసలో నిలబడతాను.